ముందు లెక్క, తర్వాత మందు

ఒడిశాలోని గుణుపురం నుంచి కాశీనగర్ మీదుగా పర్లాకిమిడి దాకా వరి పొట్ట మీదికి వచ్చేసరికి ప్రతి ఊళ్లోనూ ఒకటే మాట: ఎలకలు పడ్డాయి. ఎవరికి వారు దుకాణానికి పరిగెడతారు, మందు తెస్తారు, గట్ల మీద పెడతారు. వారం పోయాక ఎలా ఉందని అడిగితే "కొన్ని చచ్చాయి" అంటారు. మొత్తం ఎన్ని ఉన్నాయి, ఎన్ని చచ్చాయి, మిగిలినవి ఎన్ని? ఈ మూడింటికీ జవాబు ఉండదు. మిగిలినవాటి సంఖ్య తెలియకపోతే ఖర్చు పెట్టిన డబ్బు పనికొచ్చిందో లేదో తెలిసే దారి లేదు.

జంతువుల విషయంలో "ఎన్ని?" అని పట్టుబట్టి అడగడాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టినవాడు ఛార్లెస్ సదర్లండ్ ఎల్టన్. ఆహార గొలుసు, సంఖ్యా పిరమిడ్ అని పిల్లలు బడిలో చదువుకునే పాఠంలో ఎక్కువ భాగం ఆయన చేతి మీదుగా వచ్చిందే. ఒడిశా వైపు మన పిల్లలు ఆ పాఠాన్ని ఒడియాలో చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటారు. అందుకే ఆయన పనిని ఇక్కడి పొలాల పక్కన పెట్టి తెలుగులో రాస్తున్నాను.

ఎల్టన్ 1900 మార్చి 29న మాంచెస్టర్‌లో పుట్టాడు. తండ్రి ఆలివర్ ఎల్టన్ సాహిత్య ఆచార్యుడు. ఛార్లెస్ ఆక్స్‌ఫర్డ్‌లో జంతుశాస్త్రం చదివి 1922లో పట్టా తీసుకున్నాడు. అప్పట్లో జంతుశాస్త్రం అంటే ప్రధానంగా చచ్చిన జంతువును కోసి, లోపలి భాగాలను మరో జంతువు భాగాలతో పోల్చి చూడటం. బతికున్న జంతువు ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, దాన్ని ఏది తింటుంది అన్నవి వేటగాళ్లకూ ఔత్సాహికులకూ వదిలేసిన ప్రశ్నలు. ఎల్టన్‌కి అవే అసలు ప్రశ్నలుగా కనిపించాయి.

ఆయన గురువు జూలియన్ హక్స్‌లీ 1921లో ఆక్స్‌ఫర్డ్ బృందంతో పాటు ఆయన్ని ఆర్కిటిక్‌లోని స్పిట్స్‌బెర్గెన్‌కు తీసుకెళ్లాడు. 1923లో, 1924లో ఎల్టన్ మళ్లీ వెళ్లాడు. ఇక్కడొక విషయం గమనించాలి. మహేంద్రగిరి అడవిలాంటి చోట ఏది దేన్ని తింటుందో గీయబోతే ఒక జీవితం చాలదు, అన్ని జాతులు ఉంటాయి. ఆ ఉత్తరపు దీవుల్లో జాతులు కొన్నే. కాబట్టి పటం పూర్తిగా గీయొచ్చు. వృక్షశాస్త్రవేత్త సమ్మర్‌హేస్‌తో కలిసి 1923లో ప్రచురించిన వ్యాసంలో ఎల్టన్ బేర్ ఐలాండ్ దీవి పటం వేశాడు. సముద్రపక్షుల రెట్టలోని నత్రజని నేలకు చేరుతుంది. ఆ నేలలో మొక్కలు మొలుస్తాయి, మొక్కల మీద పురుగులు, పురుగుల మీద చిన్న పక్షులు, పక్షుల మీద ఆర్కిటిక్ నక్క. బాణం గుర్తులతో గీసిన ఆ పటం నేటి ఆహార జాలం బొమ్మలకు పూర్వరూపాల్లో ఒకటి.

హక్స్‌లీ అడిగితే మూడు నెలల్లోపే రాసిచ్చిన పుస్తకం "యానిమల్ ఎకాలజీ". 1927లో అచ్చయింది. అప్పటికి ఆయన వయసు 27. అందులోని నాలుగు ఊహలు ఈ రోజుకీ చెక్కుచెదరలేదు. వాటిని వంశధార ఆయకట్టులో నిలబడి చూస్తే బాగా పట్టుబడతాయి.

మొదటిది ఆహార గొలుసు. వరి, వరిని కొరికే ఎలక, ఎలకను మింగే జెర్రిపోతు, జెర్రిపోతును ఎత్తుకుపోయే గద్ద. ఇది అందరికీ తెలిసిందే కాబట్టి ఇక్కడ ఆగను. రెండోది ఆహారం పరిమాణం, నా దృష్టిలో అన్నిటికన్నా తక్కువ గుర్తింపు పొందింది ఇదే. ఏ జంతువైనా తన నోటికి, తన బలానికి తగిన సైజు ఆహారాన్నే తినగలదు. అంతకంటే పెద్దదైతే పట్టలేదు, మరీ చిన్నదైతే రోజంతా ఏరుకున్నా కడుపు నిండదు. నక్క సుడిదోమను తిని బతకలేదు. సుడిదోమను సాలీడు తినాలి, సాలీడును కప్ప తినాలి, కప్పను పాము తినాలి. అలా మెట్టు మెట్టుగా సైజు పెరిగితేనే ఆ బలం నక్క దాకా చేరుతుంది. మధ్యలో ఒక మెట్టు తీసేస్తే పై మెట్టు మీది జంతువు కింది దాని మీదికి దిగి బతకలేదు.

మూడోది సంఖ్యా పిరమిడ్. కింది మెట్టు జంతువులు చిన్నవి, త్వరగా పిల్లలు పెడతాయి, లెక్కలేనన్ని ఉంటాయి. పైకి పోయేకొద్దీ సైజు పెరుగుతుంది, సంఖ్య తగ్గుతుంది, పిల్లలు పెట్టే వేగమూ తగ్గుతుంది. ఈ చివరి మాటను రైతు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. సుడిదోమ కోసం సింథటిక్ పైరిత్రాయిడ్ మందు కొడితే దోమతో పాటు సాలీళ్లూ, దోమ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులూ పోతాయి. దోమ గుడ్లు మాత్రం వరి మట్టల లోపల దాగి ఉంటాయి, మందు తగలదు. అవి పొదిగి మళ్లీ దోమ లేస్తుంది, కానీ సాలీళ్లు అంత త్వరగా లేవవు. కొట్టకముందు కన్నా కొట్టాక దోమ పెరిగిందని రైతులు చెప్పేది భ్రమ కాదు. పిరమిడ్‌లో కింది మెట్టుకీ పై మెట్టుకీ పునరుత్పత్తి వేగంలో ఉన్న తేడా అది.

నాలుగోది ఒక జంతువు తన సమూహంలో చేసే పని, దాని స్థానం. బ్యాడ్జర్ (నేలలో బొరియలు తవ్వుకుని ఉండే జంతువు) వెళ్తోందని చెప్పినప్పుడు, పాదిరి గారు వెళ్తున్నారని చెబితే ఊళ్లో వాళ్లకు ఆయన పని ఏమిటో ఎలా తడుతుందో అలా దాని పని కూడా మనసుకు తట్టాలి అన్నాడు ఎల్టన్. ఒకే పనిని వేర్వేరు చోట్ల వేర్వేరు జంతువులు చేస్తాయి. ఆయన ఇచ్చిన ఉదాహరణ చక్కగా ఉంటుంది. ఆర్కిటిక్ నక్క సముద్రపక్షుల గుడ్లు తింటుంది, చలికాలంలో ధ్రువపు ఎలుగు వదిలేసిన సీల్ కళేబరాల వెంట పడుతుంది. ఆఫ్రికాలో మచ్చల దుమ్ములగొండి ఉష్ట్రపక్షి గుడ్లు తింటుంది, సింహం వదిలేసిన జీబ్రా మాంసం తింటుంది. ఒకటి మంచులో, ఒకటి ఎండలో. పని ఒక్కటే.

ఇదంతా ఎల్టన్ పేరు నిలబెట్టిన భాగం. నాకు అంతకంటే విలువైనదిగా తోచేది ఆ పక్కనే మొదలై దశాబ్దాలు సాగిన పని.

1923లో స్పిట్స్‌బెర్గెన్ నుంచి తిరిగొస్తూ నార్వేలోని ట్రోమ్సో పట్టణంలో ఆయన రాబర్ట్ కాలెట్ రాసిన నార్వే క్షీరదాల పుస్తకం కొన్నాడు. నార్వేజియన్ రాదు, నిఘంటువు దగ్గర పెట్టుకుని చదివాడు. అందులో లెమ్మింగ్‌లు విరగబడి వచ్చిన సంవత్సరాల జాబితా ఉంది. లెమ్మింగ్ అంటే మంచు దేశపు ఎలక జాతి. ఆ సంవత్సరాల మధ్య దూరం చూస్తే ఇంచుమించు మూడు నాలుగేళ్లకోసారి వరస కనిపించింది. 1924లో జంతువుల సంఖ్యల్లోని ఈ ఆటుపోట్ల మీద వ్యాసం రాశాడు.

తర్వాత కెనడాలో బొచ్చు తోళ్ల వ్యాపారం చేసే హడ్సన్స్ బే కంపెనీకి సలహాదారుగా 1931 దాకా పనిచేశాడు. ఆ కంపెనీ 1670 నాటిది, దాని దగ్గర తరతరాల కొనుగోలు లెక్కలున్నాయి. ఏ కేంద్రం నుంచి ఏ ఏడు ఎన్ని లింక్స్ తోళ్లు వచ్చాయో రాసి ఉంది. లింక్స్ అంటే అక్కడి అడవిపిల్లి. మేరీ నికల్సన్‌తో కలిసి 1942లో ఎల్టన్ ప్రచురించిన లెక్కల్లో లింక్స్ సంఖ్య సుమారు పదేళ్లకోసారి పెరిగి పడిపోతున్నట్టు తేలింది. లింక్స్ తినే మంచుకుందేళ్లు ముందు పెరుగుతాయి, ఆ వెనకే లింక్స్ పెరుగుతుంది. కుందేళ్లు పడిపోతే లింక్స్ కూడా పడిపోతుంది.

ఈ లెక్క తీయడంలో ఎంత జాగ్రత్త పడాల్సి వచ్చిందో చెప్పాలి. తోళ్ల సంఖ్య అడవిలోని జంతువుల సంఖ్య కాదు. ధర పెరిగితే వేట పెరుగుతుంది, రోగం వచ్చి వేటగాళ్లు పడుకుంటే తోళ్లు తగ్గుతాయి, కేంద్రం మూసేస్తే సున్నా అవుతుంది. పైగా చలికాలంలో పట్టిన జంతువు తోలు పడవలెక్కి లండన్ వేలానికి చేరేసరికి ఏడాదో రెండేళ్లో గడుస్తాయి. వేలం సంవత్సరాన్ని పట్టిన సంవత్సరంగా పొరబడితే ఎత్తుపల్లాలన్నీ జరిగిపోతాయి. కంపెనీ వ్యాపార సంవత్సరం జూన్ 1 నుంచి మే 31 దాకా. ఎల్టన్, నికల్సన్ ఒక్కో కేంద్రం లెక్కను ఆ వ్యాపార సంవత్సరానికి సర్ది, ప్రాంతాల వారీగా విడదీసి చూశారు. మన వైపు చింతపండు, ఇప్పపువ్వు కొనే వ్యాపారుల పాత పద్దు పుస్తకాలు ఎక్కడైనా మిగిలి ఉంటే ఇలాంటి పనికే పనికొస్తాయి. వాటిని తూకానికి అమ్మేయకండి.

మొదట్లో ఈ ఆటుపోట్లకు సూర్యుడి మచ్చలు కారణమని ఎల్టన్ అనుకున్నాడు. మచ్చల చక్రం సుమారు 11 ఏళ్లు, లింక్స్‌ది సుమారు పది. పొడుగు లెక్క చేతికొచ్చాక రెండూ కలిసి నడవడం లేదని తేలింది, ఆ ఊహను వదిలేశాడు. ప్రకృతిలో సమతౌల్యం అనేది లేదు, బహుశా ఎప్పుడూ లేదు అని 1930లోనే రాశాడు. జంతువుల సంఖ్య ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. అందుకే ఒకసారి లెక్కపెట్టి ఊరుకుంటే ఏమీ తెలియదు. పది చోట్ల ఒకసారి లెక్కపెట్టడం కన్నా ఒకే చోట పది సార్లు లెక్కపెట్టడం మేలు.

ఈ పట్టుదలతోనే 1932లో ఆక్స్‌ఫర్డ్‌లో జంతువుల సంఖ్యలను పరిశోధించే బ్యూరో ఆఫ్ యానిమల్ పాపులేషన్ పెట్టాడు. అదే ఏడు మొదలైన "జర్నల్ ఆఫ్ యానిమల్ ఎకాలజీ"కి మొదటి సంపాదకుడు కూడా ఆయనే. బ్యూరో చిన్నది, డబ్బు ఎప్పుడూ చాలేది కాదు. కానీ అక్కడ పనిచేసిన వాళ్లను చూడండి. లెస్లీ ఒక్కో వయసు గుంపులో ఎన్ని బతుకుతాయి, ఎన్ని పిల్లల్ని పెడతాయి అన్న పట్టిక నుంచి రాబోయే సంఖ్యను కట్టే గణిత పద్ధతిని 1945లో ఇచ్చాడు. లెస్లీ మాత్రిక అని నేటికీ పిలిచేది అదే. డెనిస్ చిట్టీ, కెంప్సన్ కలిసి ఎలక జాతిని బతికుండగా పట్టే లాంగ్‌వర్త్ బోను తయారుచేశారు. దాని వెనక భాగం గడ్డి పరిచి గింజలు వేసే పెట్టె, ముందు భాగం సొరంగం. సొరంగం చివర మీట మీద కాలు పడగానే తలుపు మూసుకుంటుంది. తలుపు పడకుండా కొక్కెం పెట్టి కొన్ని రాత్రులు వదిలేయొచ్చు. జంతువు వస్తూ పోతూ అలవాటు పడ్డాక కొక్కెం తీస్తారు. ముందు అలవాటు చేయడం, తర్వాత పట్టడం. ఈ కిటుకే యుద్ధకాలంలో ఎలకల పని మొత్తాన్ని నడిపింది.

1939లో యుద్ధం రాగానే బ్రిటన్‌కు తిండి గింజల సమస్య ఎదురైంది. గోదాముల్లో, పొలాల్లో ఎలకలు తినేదాన్ని ఆపే పని బ్యూరోకి అప్పగించారు. ఎలకలు చిట్టీకి, చిట్టెలుకలు బ్యూరోలోనే పనిచేసే సదరన్‌కి. ఆ ఫలితాలన్నీ 1954లో మూడు సంపుటాలుగా వచ్చాయి.

వాళ్లు మొదట అడిగిన ప్రశ్న ఏ మందు మంచిదని కాదు. మందు పనిచేసిందని ఎలా తెలుస్తుంది అని. చచ్చిన ఎలకలను ఏరి లెక్కపెడితే చాలదు, చాలావరకు కన్నాల్లోనే చస్తాయి. అందుకని ఎర తూకాన్నే లెక్కగా మార్చారు. చాలా చోట్ల మందు లేని గోధుమలు తూచి పెడతారు, మర్నాడు మిగిలింది తూస్తారు. మొదటి రోజు కొంచెమే తింటాయి, రెండో రోజు ఎక్కువ, మూడో రోజు ఇంకా ఎక్కువ. కొన్ని రోజులకు తూకం పెరగడం ఆగిపోతుంది. ఆ నిలిచిన తూకమే ఆ చోటి ఎలకల గుంపు ఆకలి. మందు పెట్టాక మళ్లీ అలాగే తూస్తారు. ముందు రోజుకు 2 కిలోలు తిని, తర్వాత 200 గ్రాములే తింటే పది వంతుల్లో తొమ్మిది వంతులు పోయినట్టు. ఒక జాగ్రత్త ఉంది: మందు రుచి చూసి బతికిపోయిన ఎలక అదే ఎరను మళ్లీ ముట్టదు. కాబట్టి రెండోసారి తూకానికి వేరే ఎర వాడాలి. లేకపోతే బతికున్నవి కూడా చచ్చినవాటి ఖాతాలో పడతాయి.

మొదటి రోజు తక్కువ తినడానికి కారణమేమిటో కూడా పట్టుకున్నారు. గోదాము ఎలక తనకు బాగా తెలిసిన దారిలో కొత్త వస్తువు కనిపిస్తే కొన్ని రోజుల పాటు దూరంగా తిరుగుతుంది. తర్వాత కొంచెం కొరికి చూస్తుంది. మొదటి రోజే మందు పెడితే ఆ కొంచెమే కడుపులో పడుతుంది. ఒళ్లు చెడుతుంది, చావదు, ఇక ఆ ఎర జోలికి రాదు. చిట్టెలుక స్వభావం దీనికి భిన్నం. దానికి కొత్త వస్తువంటే అంత బెదురు లేదు, కానీ ఒకచోట కూర్చుని తినదు, నాలుగు చోట్ల నాలుగు గింజలు కొరుకుతుంది. కాబట్టి ఎలకకు కొద్ది చోట్ల ఎక్కువ ఎర, చిట్టెలుకకు ఎక్కువ చోట్ల కొద్ది ఎర.

ఇప్పుడు మన గట్ల మీదికి వద్దాం. ఇక్కడి వరిచేలల్లో ఎక్కువ నష్టం చేసేది గట్లు తొలిచి, కంకులు కోసి కన్నంలో దాచుకునే పందికొక్కు జాతి చిన్న ఎలక. దానితో పాటు మెత్తటి బొచ్చున్న పొలం ఎలక, చిట్టెలుక. తెగిన పిలకను దగ్గరగా చూస్తే గుర్తు పట్టొచ్చు. ఎలక కొరికిన కాండం చాకుతో కోసినట్టు ఏటవాలుగా తెగుతుంది. పీకితే పిలక రాదు, దుబ్బు పచ్చగానే ఉంటుంది. కాండం తొలుచు పురుగు పడితే మొవ్వు ఎండిపోయి, లాగితే ఊడి వస్తుంది, దాని మొదలు దగ్గర పురుగు తిన్న గుర్తు ఉంటుంది. ఈ రెండిటినీ కలిపేసుకుని పురుగు మందుకు డబ్బు తగలేసేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

లెక్క ఇలా తీయాలి. సాయంత్రం పూట గట్లన్నీ నడిచి, కనిపించిన ప్రతి కన్నాన్నీ తడి మట్టితో మూసి, పక్కన ఒక పుల్ల గుచ్చాలి. మర్నాడు పొద్దున్నే తిరిగి చూస్తే కొన్ని తెరుచుకుని ఉంటాయి, కొన్నిటి దగ్గర లోపలి నుంచి కొత్త మట్టి తోసి ఉంటుంది. ఈ రెండు రకాలూ బతికున్న కన్నాలు. మూసినవి మూసినట్టే ఉంటే పాతవి, వాటిలో మందు పెట్టడం దండగ. పీత కన్నాలతో పొరబడకూడదు. పీత కన్నం నీటి అంచున, గుండ్రంగా ఉంటుంది, చుట్టూ తడి మట్టి ఉండలుంటాయి. ఎలక కన్నం దగ్గర మట్టి ఒక పక్కకు కుప్పగా పడి ఉంటుంది, చుట్టూ కొరికిన కాడలు, రెట్టలు కనిపిస్తాయి. ఒక ఎలకకే రెండు మూడు నోళ్లు ఉండొచ్చు. అందుకే కన్నాల సంఖ్యను ఎలకల సంఖ్య అనుకోవద్దు. ముందుకీ తర్వాతకీ పోల్చడానికి మాత్రమే అది పనికొస్తుంది.

జింక్ ఫాస్ఫైడ్ వాడేట్టయితే, ముందు రెండు రోజులు మందు లేని ఎర పెట్టాలి: నూకలకు కొంచెం నూనె పట్టించి, కన్నానికి 20 గ్రాముల చొప్పున. మూడో రోజు మందు ఎర. కిలో ఎరకు నూకలు 960 గ్రాములు, నూనె 20 గ్రాములు, జింక్ ఫాస్ఫైడ్ 20 గ్రాములు. కన్నానికి 10 గ్రాములు కాగితం పొట్లంలో కట్టి లోపలికి తోయాలి. గట్టు మీద బయట చల్లితే పిట్టలు, కోళ్లు, కుక్కలు తింటాయి. ఈ మందు కడుపులోని ఆమ్లంతో కలిసి విష వాయువుగా మారుతుంది, దానికి విరుగుడు లేదు. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ ఉండాలి. కర్రతో కలపాలి, చేత్తో కాదు. వంటకు వాడే గిన్నెలు దగ్గరికి కూడా రానివ్వకూడదు. తడి తగిలితే మందు ముందే చెడిపోతుంది కాబట్టి వాన పడే రోజు పెట్టొద్దు. చచ్చిన ఎలకలను ఏరి లోతుగా పూడ్చాలి. మందు ఎంపిక, కొనుగోలు మాత్రం మీ బ్లాకు వ్యవసాయాధికారిని అడిగే చేయండి.

మందు పెట్టిన మూడో రోజు సాయంత్రం మళ్లీ కన్నాలు మూసి, నాలుగో రోజు పొద్దున లెక్కపెట్టాలి. మిగిలిన వాటికి మళ్లీ జింక్ ఫాస్ఫైడ్ పెట్టొద్దు. అవి ఆ రుచి ఎరిగినవి. వారం పది రోజులు ఆగి బ్రోమాడయోలోన్ ఎర పెట్టాలి: 0.25 శాతం పొడి 20 గ్రాములు, నూకలు 960, నూనె 20. కన్నానికి 15 గ్రాములు. ఇది రక్తం గడ్డ కట్టనివ్వకుండా చంపుతుంది. తిన్న కొన్ని రోజులకు గానీ చావదు. ఒంట్లో బాగోకపోవడానికీ తిన్న ఎరకీ ముడి పెట్టుకునే వీలు ఎలకకు ఉండదు, అందుకే దీనికి ముందు అలవాటు చేయనక్కర్లేదు. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఈ మందు తిన్న ఎలక చచ్చేలోపు నెమ్మదిగా, పగటి పూట కూడా తిరుగుతుంది. దాన్ని గుడ్లగూబ, ముంగిస, జెర్రిపోతు తింటే విషం వాటికీ చేరుతుంది. పిరమిడ్ పై మెట్టు మీదివి కొద్దే ఉంటాయి, పోతే తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకని ఈ మందును ఊరంతా కాకుండా మిగిలిన బతికున్న కన్నాలకే పరిమితం చేయాలి.

బ్యూరో పద్ధతిలో మనవాళ్లు ఎవరూ చేయని పని ఒకటుంది. మందు పెట్టని చోటు ఒకటి పోలికకు ఉంచడం. ఉదాహరణకు మీ చేలో బతికున్న కన్నాలు 40 ఉండి, తర్వాత 10కి దిగాయనుకోండి. నూటికి 75 పోయాయని చెప్పుకుంటాం. కానీ అదే రోజుల్లో మందు పెట్టని పక్క బీడు గట్టు మీద కూడా 40 నుంచి 30కి దిగితే? వాన నీరు నిండో, వేరే చోటికి తరలిపోయో వాటంతట అవే తగ్గాయన్నమాట. అప్పుడు మీ చేలోనూ మందు లేకుండా 30 ఉండాల్సింది, 10 మిగిలాయి. మందు చేసిన పని 20, అంటే నూటికి 67. పోలిక లేకపోతే వాన చేసిన పని కూడా మందు దుకాణం ఖాతాలో పడుతుంది.

ఒక్కడు చేస్తే ఎందుకు నిలవదో కూడా సంఖ్యలే చెప్తాయి. పందికొక్కు జాతికి గర్భం మూడు వారాల పైచిలుకే. ఖాళీ అయిన కన్నాన్ని పక్క చేలోంచి వచ్చినది ఆక్రమిస్తుంది. పొట్ట దశకు ముందు, పిల్లలు పెట్టడం మొదలవక ముందు, ఊరి ఆయకట్టు అంతా ఒకే రోజుల్లో చేస్తే ఆ తరం ఆగుతుంది. కంకి పాలు పోసుకున్నాక చేస్తే ఎరకు పోటీగా చేను నిండా తిండి ఉంటుంది, ఎరను చూడవు. గట్లు పెద్దవైనకొద్దీ కన్నాలకు చోటు పెరుగుతుంది. ఎత్తూ వెడల్పూ 30 సెంటీమీటర్లు దాటకుండా చెక్కితే పెద్ద సొరంగం నిలవదు. చేల మధ్య కర్రతో పిట్ట వాలే నిలువులు పాతితే రాత్రి గుడ్లగూబ వాలుతుంది. కానీ పొట్ట దశ నుంచి గింజ గట్టిపడే లోపు పగటి పూట గింజ తినే పిట్టలూ వాలతాయి, అప్పుడు తీసేయాలి.

యుద్ధం తర్వాత ఎల్టన్ మనసు ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న వైథమ్ అడవి మీదికి మళ్లింది. రెండు దశాబ్దాలు ఆ ఒక్క అడవిలోనే ఏ పురుగు ఏ చోట, ఏ ఎత్తులో, ఏ కాలంలో కనిపించిందో కార్డుల మీద రాసి పేర్చాడు. 1966లో వచ్చిన పుస్తకంలో పడిపోయిన మానుల గురించి చెప్పిన మాట మన అడవులకు అచ్చంగా సరిపోతుంది. చచ్చిన, చస్తున్న మానులను తీసేస్తే అడవి జంతుజాలంలో బహుశా ఐదో వంతు కంటే ఎక్కువ పోతుందని. కొండ మీద పడిపోయిన ఇప్ప మాను పనికిరాని కట్టె కాదు, అందులో పెంకుపురుగులు, చీమలు, తేళ్లు, బల్లులు కాపురముంటాయి. వంట చెరకుకు ఎండు కొమ్మలు ఏరుకున్నా పెద్ద మానును నేల మీద వదలడం మంచిది.

1957లో బీబీసీ రేడియోలో చేసిన మూడు ప్రసంగాల నుంచి పెరిగినది 1958 నాటి పుస్తకం, కొత్త చోట్లకు చొరబడి పాకే జీవుల గురించి. అందులో మొదట్లోనే ఆయన ఆఫ్రికా నుంచి బ్రెజిల్‌కు చేరి మలేరియా రేపిన దోమ కథ చెప్తాడు. ఇప్పుడు ఎక్కువమందికి ఎల్టన్ తెలిసేది ఈ పుస్తకం వల్లే. మన వైపు వయ్యారిభామ, గుర్రపుడెక్క ఎవరికీ చెప్పనక్కర్లేదు. తోటల్లో రాక్షస ఆఫ్రికా నత్త మాత్రం కొత్త బెడద. 1847లో కలకత్తా తోటలో వదిలాక ఆ జాతి ఇండియాలో వ్యాపించింది. ఒక్కో విడత వంద నుంచి కొన్ని వందల గుడ్లు నేలలో పెడుతుంది. వాన పడ్డ రాత్రులు బొప్పాయి ఆకులు పరిచి తడి గోనెసంచి కప్పితే కిందికి చేరతాయి. తెల్లారక ముందే ఏరి ఉప్పు నీళ్లలో వేసి, గోతిలో పూడ్చాలి. ఉప్పు నీళ్లు మడిలో పొయ్యొద్దు. ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, ఎలకల ఊపిరితిత్తుల పురుగును అది మోస్తుంది, మనిషికి మెదడు పొరల వాపు తేగలదు. ఊరికి కొత్తగా వచ్చినప్పుడే, నాలుగు తోటల్లో ఉన్నప్పుడే ఏరితే వదలగొట్టొచ్చు. నలభై తోటలకు పాకాక తగ్గించగలం తప్ప తుడిచిపెట్టలేం.

ఎల్టన్ 1967లో పదవీ విరమణ చేశాడు, ఆ ఏడే బ్యూరోను మూసేశారు. రాయల్ సొసైటీ 1970లో డార్విన్ పతకం ఇచ్చింది. భార్య ఎడిత్ జాయ్ స్కోవెల్ కవయిత్రి. ఆయన 1991 మే 1న ఆక్స్‌ఫర్డ్‌లో చనిపోయాడు.

లెక్క రాయడానికి బడి పిల్లల నోటు పుస్తకం చాలు. ఒక్కో గట్టుకు ఒక పేజీ, గట్టు పొడవు అడుగుల్లో పైన. వరసలు ఇవి: తేదీ, పంట దశ, మూసిన కన్నాలు, తెరుచుకున్నవి, పెట్టిన ఎర పేరు, తూకం, వాన పడిందా లేదా. ఎవరు లెక్కపెట్టారో కూడా రాయండి, ఒకరి కంటికి కనిపించింది ఇంకొకరికి కనిపించదు, మనిషి మారితే సంఖ్య మారుతుంది. ఊడ్పులైన నెలకు ఒకసారి, పొట్టకు ముందు ఒకసారి, మందు పెట్టిన తర్వాత ఒకసారి, కోతలైన పదిహేను రోజుల్లో ఒకసారి. కోతల తర్వాతి లెక్కను అందరూ వదిలేస్తారు, కానీ దాళ్వా వేసే చోట అదే ముఖ్యం. ఖరీఫ్‌లో బతికిపోయి గట్లలో గింజ దాచుకున్నవి దాళ్వా నారుమడి మీద పడేది అప్పుడే. తెరుచుకున్న కన్నాలు ఎక్కువగా కనిపించిన గట్లను నారు పోయక ముందే తవ్వి, దాచిన కంకులు తీసి, మట్టి గట్టిగా తొక్కించండి.